హేరత్ గారి మూడో భాష

శ్రీలంక తేయాకు కొండల్లో విపత్తుల అధికారి హేరత్‌కు తన గొంతంటే ప్రాణం. ధనియాల కషాయం తాగనిదే మైకు పట్టడు, రుమాలుతో తుడవనిదే నోరు విప్పడు. ఏ హెచ్చరికైనా సింహళం, ఇంగ్లీషు, తమిళం, ఆ వరసలోనే చదువుతాడు. ప్రతి భాషలోనూ భిక్షువులకు, మంత్రిగారికి, జిల్లా పెద్దలకు వందనాలయ్యాకే వాన సంగతి. మూడు భాషల సేవకిచ్చిన పతకం వానలో కూడా చొక్కా మీద వేలాడాల్సిందే.

ఆ మధ్యాహ్నం తోట కూలీల ఇళ్ల వెనక కొండ నెర్రె విచ్చింది. అక్కడున్నవాళ్లంతా తమిళులే. హేరత్ ఆటో దిగి, గొడుగు కింద సింహళం ముగించి, ఇంగ్లీషు వందనాలు అందుకున్నాడు.

"దొరా, మా భాష ముందొస్తదా, కొండ ముందొస్తదా?" అంది ముసలి ముత్తులచ్చి.

హేరత్ మైకుకు చెయ్యి అడ్డుపెట్టి, "వరసుంది కదమ్మా, కాస్త ఓపిక పట్టు" అని శుభ్రమైన తమిళంలో కసిరాడు.

ముత్తులచ్చి అతన్ని వదిలేసి ఆటో వైపు చూసింది. అది పల్లానికి తిరిగి ఉంది. ఇంజను ఆపలేదు.

"ఏందే ఇంకా వింటారు? దొర బండి ఎటు తిరిగుందో చూడండే! పిల్లల్ని ఎత్తుకోండి, పదండి!" అని అరిచింది.

కొండ జారి బురద ముంచేసరికి ఇళ్లలో ఎవరూ లేరు.

సాయంత్రం కింద బడిలో, తడిసి వణుకుతున్న జనం ముందు హేరత్ మైకు తుడిచి, మిగిలిపోయిన కాగితం తీశాడు. భిక్షువులకు, మంత్రిగారికి, జిల్లా పెద్దలకు వందనాలు చెప్పి, తక్షణమే ఇళ్లు ఖాళీ చేయవలసిందిగా చక్కటి తమిళంలో కోరాడు.