పెద్దనాన్న గొంతు మళ్లీ వినిపించిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మా పెద్దనాన్న దావీదు గారు మీలో చాలామందికి తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ షాపు నడుపుకుంటూ, మన మందిరంలో ఏళ్ల తరబడి ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకున్న మనిషి. నేను చిన్నప్పటినుంచి మన్సూరాబాద్‌లో ఆయన దగ్గర, పెద్దమ్మ దగ్గరే పెరిగాను. ఆయన గొంతులో ఉన్నది క్యాన్సర్ గడ్డ అని, స్వరపేటిక తీసేయక తప్పదని దవాఖానలో చెప్పిన రోజున పెద్దమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. డైరీలో తేదీ మాత్రం రాసి పేజీ ఖాళీగా వదిలేశాను.

ఆపరేషన్‌కు ముందు ఒక పని చేశాను. నేను మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. పెద్దనాన్న రోజూ వాడే మాటలన్నీ ఆయన చేతనే పలికించి, ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ పెట్టి, బొమ్మను నొక్కితే ఆయన గొంతే వినిపించేలా ఒక యాప్ చేశాను. అందులో భోజనం ముందు ప్రార్థన ఉంది, "ఏమే, చాయ్ పెడ్తవా, పెట్టవా?" అని పెద్దమ్మను ఆటపట్టించేది ఉంది, పొద్దున్నే నన్ను లేపే "రూతమ్మా, లే బిడ్డా, లే!" ఉంది. ఆపరేషన్ అయ్యాక ఆ యాప్ ఉన్న ఫోనే ఆయన నోరైంది.

మా పనిలో రెండు దారులున్నాయి. మనం రాసిన కోడ్‌ను ఇంటర్నెట్‌లో ఒక సర్వీసుకు పంపితే వాళ్ల కంప్యూటర్లే దాన్ని యాప్‌గా తయారుచేసి తిరిగి ఇస్తాయి, లోపల ఏం జరిగిందో మనం తెలుసుకోనక్కరలేదు. రెండోది, ఆండ్రాయిడ్‌కు కావలసిన లోపలి ఫైళ్లన్నీ మనమే తెరిచి మన కంప్యూటర్‌లోనే తయారుచేసుకోవడం. నాకు తెలిసింది మొదటి దారి ఒక్కటే, పెద్దనాన్న యాప్ కూడా అలాగే చేశాను. రెండో దారిలో తెర నిండా ఎర్ర అక్షరాలు వస్తాయి, అవి అర్థం కాకపోతే ఎవరినైనా అడగాలి, అడగడమంటే నాకు చిన్నప్పటినుంచీ భయం.

ఒకరోజు ఆ ఫోన్ తనంతట తానే కొత్త వెర్షన్‌కు మారింది. ఆ తర్వాత యాప్ తెరిస్తే వెంటనే మూసుకుపోయేది. పెద్దనాన్న మాటలన్నీ ఆ ఫోన్‌లోనే రికార్డు చేశాను, అవి ఆ యాప్ లోపలే ఉన్నాయి, వాటిని బయటికి తీసుకునే ఏర్పాటు నేను పెట్టలేదు, అంత ముందుచూపు నాకు లేకపోయింది. సరిచేసి మళ్లీ పంపబోతే ఆ సర్వీసు నా ప్రాజెక్టు పాతదైపోయిందని తీసుకోలేదు. మా ఇంట్లో అప్పుడు వచ్చిన నిశ్శబ్దాన్ని ఎలా చెప్పను! పెద్దమ్మ చాయ్ పెట్టి ఎదురుగా పెడితే ఆయన తలూపేవారు, అంతే.

"ప్రభువా, ఆ సర్వీసు వాళ్లు ఈ ఒక్కసారి తీసుకునేలా చెయ్యి, నేను ఆ లోపలికి వెళ్లలేను" అని ప్రార్థించాను. వాళ్లు తీసుకోలేదు. ప్రభువు ఆ తలుపు మూసే ఉంచాడు, సహోదరులారా! చివరికి ఆ లోపలి ఫైళ్లున్న ఫోల్డర్ తెరిచాను. ఎల్బీ నగర్‌లో నేనిప్పుడు పనిచేసే ఆఫీసు నుంచి వచ్చి రోజూ కాసేపు కూర్చునేదాన్ని, ఎర్ర అక్షరాలు వచ్చేవి, ఒక్కొక్కటే చదివేదాన్ని, చదివితే అవి కూడా మామూలు వాక్యాలేనని మెల్లగా తెలిసింది. పాడైన భాగం మార్చి, నా లాప్‌టాప్‌లోనే మొదటిసారి యాప్ తయారుచేశాను.

తీరా ఎక్కిస్తే ఫోన్ దాన్ని ఒప్పుకోలేదు. ప్రతి యాప్‌కూ తయారుచేసినవాళ్ల ముద్ర లాంటిది ఉంటుంది, దాన్ని మేం కీ అంటాం. పాత యాప్ ఏ కీతో తయారైందో కొత్తది కూడా అదే కీతో తయారైతేనే ఫోన్ దాన్ని పాతదాని మీద ఎక్కనిస్తుంది. ఆ కీని సర్వీసే పుట్టించి తన దగ్గరే దాచింది, నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఖాతా నేను మొదట పనిచేసిన చిన్న కంపెనీ పేరు మీద ఉంది, కీని బయటికి తీసే అధికారం దాని యజమానికే ఉంది.

పెద్దమ్మ ఆగలేక మా ఇద్దరినీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫోన్ రిపేరు షాపుకు తీసుకెళ్లింది.

"ఇంత దానికి పరేషాన్ ఎందుకమ్మా? పాతది తీసేస్తే కొత్తది ఎక్కుతది" అన్నాడు షాపాయన, వేలు తెర మీద పెడుతూ.

తీసేస్తే లోపలి మాటలన్నీ పోతాయి. ఆ సంగతి ఆ షాపులో నాకే బాగా తెలుసు, పెద్దనాన్నకు కూడా చెప్పి ఉన్నాను. కానీ నా నోట మాట రాలేదు. పెద్దనాన్న షాపాయన చేతి మీద చరిచి, ఫోన్ లాక్కుని, చొక్కా జేబులో పెట్టుకుని బయటికి నడిచారు.

"అయ్యో, గట్ల కొడ్తరా?" అని పెద్దమ్మ వెనకాలే పరుగెత్తింది.

గొంతు ఉన్న నేను నిలబడి చూశాను, గొంతు లేని ఆయన ఆపారు. ఇంటికొచ్చి మోకాళ్లూని, "ప్రభువా, ఇక ఆ సర్వీసు గురించి అడగను, ఒక్క ఫోన్ చేసే ధైర్యం ఇవ్వు" అన్నాను. ధైర్యమేమీ వచ్చినట్టు అనిపించలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అలాగే పాత కంపెనీ యజమాని శ్రీకాంత్ గారికి ఫోన్ చేశాను.

"ఏంటమ్మా, రూతేనా? పక్క సీట్లో కూర్చుని కూడా మెసేజ్ పెట్టేదానివి కదా, నువ్వు ఫోన్ చేయడమేంటి!" అని నవ్వారు.

నేను తడబడుతూ అంతా చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆ ఖాతా మేమిప్పుడు వాడట్లేదమ్మా. రేపు మూయించేద్దామనుకుంటున్నా. ఉండు, లైన్‌లోనే ఉండు, ఆ కీ ఎక్కడుందో చెప్పు, ఇప్పుడే తీసి పంపిస్తాను."

సహోదరులారా, ఒక్క రోజు ఆలస్యమైతే! దీన్ని యాదృచ్ఛికం అనేవారు అనవచ్చు, నేను వాదించలేను, వాదన నాకు చేతకాదు. నాకు తెలిసింది చెబుతున్నాను, దేవునికే మహిమ.

ఆ కీతో మళ్లీ తయారుచేసి ఎక్కించాను. ఈసారి ఫోన్ ఒప్పుకుంది. బొమ్మలన్నీ వచ్చాయి. పెద్దనాన్న వాటిలో ఒకటి నొక్కారు.

"ఏమే, చాయ్ పెడ్తవా, పెట్టవా?"

"పెట్టను, పో!" అని వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు, వెంటనే గిన్నె చప్పుడు, ఆ తర్వాత ఏడుపు. నేను ముందు ఆ మాటలన్నింటికీ నకళ్లు తీసి వేరే చోట భద్రం చేశాను, తర్వాతే కూర్చుని స్తోత్రం చెప్పాను.

మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టర్ అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగినప్పుడు నేను ఎప్పటిలాగే తల వంచుకున్నాను. పురుషుల వైపునుంచి ఆ గొంతు వినిపించింది. "రూతమ్మా, లే బిడ్డా, లే!" కొందరు నవ్వారు. నేను లేచాను. "దేవునికి స్తోత్రం" అన్నాను, ఇంకేమీ రాక కూర్చున్నాను. మీరంతా చూశారు. ఆ రోజు నోట రానిది మన పత్రికలో ఇలా రాస్తున్నాను.

ప్రియులారా, మీలో ఎవరికైనా తెరవడానికి భయపడి పక్కన పెట్టిన పని ఉండవచ్చు, ఎవరినో అడగలేక ఆపుకున్న మాట ఉండవచ్చు. ప్రభువుకు చెప్పుకోండి. భయం పోయేదాకా ఆగవద్దు, నా భయం ఈనాటికీ పోలేదు. వణికే చేతులతోనే ఆయన నా చేత ఫోన్ చేయించాడు, మీ చేతులను కూడా ఆయన పట్టుకుంటాడు, నమ్మి చూడండి.

ఇది పత్రికకు పంపే ముందు పెద్దనాన్నకు చదివి వినిపించాను. ఆయన తెర మీద కాసేపు వెతికి ఒక బొమ్మ నొక్కారు.

"ఆమేన్."