అత్తగారి నంబరు మీద పాయింట్లు

ఆ ఇంట్లో ఎవరు ఏం కొన్నా సూపర్‌మార్కెట్ కౌంటర్లో చెప్పేది ఒక్కటే ఫోన్ నంబరు, అత్తగారిది. పెద్దకొడుక్కి తన నంబరే సరిగ్గా గుర్తుండదు గానీ, అమ్మ నంబరు మాత్రం గడగడా అప్పజెప్పేస్తాడు. అలా ఆరేళ్ళలో ఆ నంబరు మీద నాలుగు వేల పాయింట్లు పోగయ్యాయి.

అందులో మూడొంతులు పెద్దకోడలి చలవే. ముందుగదిలో మిషన్ పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుట్టే మనిషి ఆవిడ, అందరికీ టైలరమ్మ. దారాలు, లైనింగు గుడ్డ, బొత్తాలు, అన్నీ అక్కడే కొనేది. పాయింట్లు మాత్రం ఇంటివి!

ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఫోన్లో మెసేజ్ చదివింది. నెలాఖరులోగా వాడుకోకపోతే పాయింట్లు చెల్లవట. బిల్లులో తగ్గించుకుంటే వచ్చేది అంతంతమాత్రం. అదే బహుమతి తీసుకుంటే రెట్టింపు విలువ. ఆవిరి ఇస్త్రీపెట్టె అయినా తీసుకోవచ్చు, నీలం రంగు సూట్‌కేసు అయినా తీసుకోవచ్చు.

"ఆ నీలం సూట్‌కేసు చూశాను, భలే ఉందత్తయ్యా!" అంది చిన్నకోడలు.

అంతే. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ చిన్నది వచ్చి నాలుగేళ్ళే అయింది. కిటికీ ఉన్న గది దానికే. అది నవ్వితే అత్తగారూ నవ్వుతుంది. ఆసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం, నెల తిరిగితే జీతం, ఏడాదికోసారి మొగుడితో సముద్రం చూడ్డానికి ప్రయాణం. ఇక్కడేమో ఇస్త్రీపెట్టె పిడి విరిగి, దానికి గుడ్డ చుట్టుకుని చేస్తుంటే వేళ్ళు కాలుతున్నాయి. పోయినవారం ఒకావిడ గౌను కాలర్ మాడిపోతే, మళ్ళీ గుడ్డ తెచ్చి కుట్టిచ్చింది. ఇంకోటి మాడిందంటే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు.

మరి నాకు ఇస్త్రీపెట్టె కావాలి అని అడగొచ్చుగా? ఆహా, అడగడమా! వీళ్ళకి కళ్ళు లేవా? మూతి ముడుచుకుని కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా షాపుకెళ్ళింది. ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. పిడి నున్నగా, అరచేతిలో ఎంచక్కా ఇమిడింది. కౌంటర్ వైపు నాలుగడుగులు వేసిందో లేదో నీలం సూట్‌కేసు కంటబడింది. ఒక్కటే మిగిలింది. ఇప్పుడు తాను ఇస్త్రీపెట్టె తీసుకుంటే, మహారాణి సాయంత్రం వచ్చి జీతం డబ్బులతో దీన్ని కొనుక్కుపోదూ? తనది తనకు దక్కినా, దానికి దక్కకుండా పోయేదేమిటి?

ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ పెట్టేసింది. అత్తగారికి ఫోన్ చేసి, ఆవిడ ఫోన్‌కొచ్చిన కోడ్ నంబరు చెప్పించుకుని, సూట్‌కేసు లాక్కుంటూ ఇంటికొచ్చింది. దారంతా దాని చక్రాల చప్పుడు వింటుంటే కడుపు చల్లబడింది.

ఇంట్లో చిన్నదాని మొహం మాడుతుందని కాచుక్కూర్చుంది. అదేమో చప్పట్లు కొట్టి, "భలే పని చేశావక్కా!" అంటూ సూట్‌కేసు గదంతా తిప్పింది. కనీసం ఏడవనైనా ఏడవదేం ఈ పిల్ల! టైలరమ్మ సూట్‌కేసుని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ముందుగదిలో బీరువా మీదకి ఎక్కించేసింది.

రెండు వారాలు తిరిగేసరికి చిన్నది చేతినిండా బట్టలతో ముందుగదిలోకొచ్చింది.

"అక్కా, రేపు ప్రయాణం. ఈ నాలుగూ కాస్త ఇస్త్రీ చేసిపెట్టవూ?"

ఇక అడుగుతుంది సూట్‌కేసు, ఛస్తే ఇవ్వను, అనుకుంటూ టైలరమ్మ పళ్ళు కొరుక్కుంటూ ఇస్త్రీ మొదలెట్టింది. పట్టులాంటి గులాబీరంగు చొక్కా. ఒక్క క్షణం పెట్టె ఎత్తకుండా ఉంటే చాలు... ఆ ఆలోచనకి తనకే భయమేసి గభాలున ఎత్తింది. చుట్టిన గుడ్డ జారి చూపుడువేలు చుర్రుమంది.

చిన్నది పరుగున నీళ్ళ గిన్నె తెచ్చి ఆ వేలు ముంచింది. పక్కనే ఉన్న పాత మచ్చలు కూడా చూసింది.

"దీంతోనా ఇన్నాళ్ళూ చేస్తున్నావు? ఆ పాయింట్లతో కొత్తది తెచ్చుకోకపోయావా అక్కా? అవన్నీ నీవేగా, అక్క ఏది తెచ్చుకుంటే అదే అని ఆ రోజు నువ్వు భోజనం దగ్గర లేచెళ్ళగానే అత్తయ్యతో చెప్పాను."

టైలరమ్మ తల వంచుకుని, "ఆ సూట్‌కేసు నువ్వే తీసుకుపో" అంది.

"అయ్యో, నా పాత బ్యాగు ఉందిగా. అది నీది. నువ్వు దాన్ని తెచ్చుకుంటే నాకెంత సంతోషమేసిందో! పాపం అక్కకీ ఎక్కడికైనా వెళ్ళాలని ఉందన్నమాట అనుకున్నాను." చిన్నది నీళ్ళలోని వేలు వదలకుండానే అడిగింది. "ఎక్కడికక్కా?"

ఈ ఇంటికొచ్చిన పదహారేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. టైలరమ్మ బీరువా మీది సూట్‌కేసు వైపు చూసింది.

"తెలీదే" అంది.