చీకటి గదిలోకి ఎవరు పోవాలి

మా కాలేజీలో ఆడపిల్లలు కంటి క్యాంపులకు పోకూడదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: అది రూలు. తొంభైల చివర్లో నేను కుప్పంలో ఆప్టోమెట్రీ చదివాను. కంటికి ఆపరేషన్ చేసేది డాక్టరు. చూపు పరీక్ష చేసి, ఎంత పవర్ అద్దాలు కావాలో తేల్చేది మేము. ఆ చదువు పుస్తకాల్లో సగమే ఉంటుంది. మిగతా సగం రకరకాల కళ్ళు చూస్తేనే వస్తుంది. ఆ కళ్ళన్నీ క్యాంపుల్లో ఉండేవి, క్యాంపులేమో మగపిల్లల చేతుల్లో ఉండేవి.

క్యాంపులు నడిపేది మా విద్యార్థి సంఘం. అందులో ఆడపిల్లలకూ పదవులు ఇచ్చారండోయ్, లేదనకూడదు! ముగ్గులు వేసే పదవి, ముఖ్య అతిథికి బొకే ఇచ్చే పదవి, ఉప్మా పొట్లాలు కట్టే పదవి. మేము హాస్టల్లో ఒకరి కళ్ళు ఒకరం పరీక్ష చేసుకుంటూ కూర్చునేవాళ్ళం. అన్నీ పడుచు కళ్ళే. శుక్లం లేదు, చత్వారం లేదు. ఇట్లాగే కోర్సు అయిపోతే చేతికి సర్టిఫికెట్ వస్తుంది గానీ పని రాదు. ఊరికి తిరిగిపోయి నేను ఎవరి కళ్ళు చూడగలను? ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండేది.

మా ఊరు పుంగనూరు. ఒకసారి మావాళ్ళు క్యాంపు అక్కడే పెట్టారు. తర్వాత సెలవులకు పోతే, ఆ క్యాంపులో ఇచ్చిన అద్దాలను మా చిన్నమ్మ బియ్యం డబ్బా మీద పడేసి ఉంది.

"పెట్టుకుంటే తల తిరగతాది మే," అంది. "అయినా నా కండ్లు యాడ సూసినారు? వయసడిగి ఇచ్చేసినారు."

"చీకటి గదిలోకి పిలవలేదా?"

"మొగపిల్లోడితో సీకటి గదిలోకి పొమ్మంటే యాడ పోతాను? ఊరంతా వరసలో నిలబడుకోని సూస్తాండారు!"

అప్పుడర్థమైంది నాకు. పవర్ కొలవాలంటే గది చీకటిగా ఉండాలి. చిన్న లైటు కంట్లోకి వేస్తే కంటిపాపలో ఎర్రటి వెలుగు కదులుతుంది. అది ఎటు కదులుతోందో చూస్తూ అద్దాలు మారుస్తాం. అందుకు మనిషికి ఎదురుగా, దగ్గరగా కూర్చోవాలి. మావాళ్ళు తలుపు దగ్గర నిలబడి "లోపలికి రండమ్మా, లైటు ఆర్పేస్తాం" అని పిలిచేవారట. ఏ ఆడమనిషి వస్తుంది? మమ్మల్ని కాపాడటానికని పెట్టిన రూలు, ఊళ్ళలో ఆడవాళ్ళ కళ్ళు ఎవరూ చూడకుండా చేసింది.

సంఘం మీటింగులో ఈ మాట ఎత్తాను. మా అధ్యక్షుడు పలమనేరు నుంచి వచ్చిన సీనియర్. పగలబడి నవ్వాడు.

"సీకటి గదిలోకి మీరు పోతారా పాపా? బల్లి కనబడితేనే హాస్టలంతా లేపుతారే!"

"బల్లి సంగతి మేం సూసుకుంటాంలే అన్నా. నువ్వు ఆడోళ్ళ కండ్ల సంగతి చెప్పు," అన్నాను.

ప్రిన్సిపాల్ గారి రూలు అన్నాడు. సరే, మీ రూలు మీ దగ్గరే పెట్టుకోండి అనుకున్నాను. తర్వాతి క్యాంపు మదనపల్లెలో. నేనూ నా స్నేహితురాలూ ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున బస్సెక్కాం. క్యాంపు పెట్టిన బడిలో సామాన్ల గదికి కిటికీ మీద దుప్పటి కట్టి చీకటి చేశారు. మమ్మల్ని చూసి మగపిల్లలు గొణిగారు గానీ, క్యాంపు డాక్టరు మాత్రం "ఎవరో ఒకరు పని కానివ్వండయ్యా" అన్నారు. నా స్నేహితురాలు బయట పేర్లు రాసుకుంటుంటే, నేను లైటు తీసుకుని లోపల కూర్చున్నాను.

బయట మాట పాకిపోయింది, లోపల ఆడపిల్ల ఉందని. ఇంక ఆగారా! నా ఎదుట మొదట కూర్చున్న పెద్దామె చీకట్లో నా గడ్డం పట్టుకుని, "నీకు పెండ్లయిందా అమ్మా?" అని అడిగింది. "ముందు అటు గోడ వైపు సూడమ్మా, పెండ్లి మాటలు తర్వాత," అన్నాను. ఆమె కంటిపాపలో వెలుగు కదిలింది. హాస్టల్లో చూసిన వెలుగు కాదు, శుక్లం అడ్డుపడి మసక మసకగా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సాయంత్రం దాకా లేవలేదు.

చీకటి గదిలో కూర్చున్నది నేనే కాబట్టి పిలుపు నాకే వచ్చింది. సోమవారం ప్రిన్సిపాల్ గారి గదిలో నేనూ, అంగడి మూసేసి పరుగున వచ్చిన మా నాయనా నిలబడి ఉన్నాం.

"రూలు మీరి క్యాంపుకు పోయి తప్పు చేశాను, క్షమించండి అని రాయి. లేదంటే హాస్టల్ ఖాళీ చెయ్," అన్నారాయన.

"రాసెయ్యమ్మా, రెండు ముక్కలే కదా," మా నాయన బతిమాలాడు.

"మీ ఇంట్లో అమ్మగారిని ఆ గదిలోకి మా మగపిల్లలతో పంపిస్తారా సార్?" అని అడిగాను.

ఆయన మొహం కందగడ్డ అయింది. మా నాయన తల దించుకున్నాడు. నేను రాయలేదు. ఆ పూటే పెట్టె సర్దుకుని కుప్పంలోనే ఒక ముసలామె ఇంట్లో గదికి మారాను. మా నాయనను బస్సెక్కించడానికి పోతే, బస్టాండు దాకా నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. నాకు బాధేసింది, అయినా రాయాలని మాత్రం అనిపించలేదు.

తర్వాతి క్యాంపు కుప్పం పక్క పల్లెలోనే. మధ్యాహ్నం ఎండలో అధ్యక్షుడు చెమటలు కక్కుతూ నా గది దగ్గరికి వచ్చాడు.

"రా తల్లీ, నీకు దండం పెడతా. మదనపల్లెలో ఆడపిల్లే సూసిందంట కదా అని ఆడోళ్ళంతా కూర్చోనుండారు. ఒక్కరూ లోపలికి రావడంలే. ప్రిన్సిపాల్ సారే రమ్మంటాండాడు."

"క్షమాపణ?"

"అది వద్దంటలే."

"నేనొక్కదాన్నే రాను. హాస్టల్లో ఉండే ఆడపిల్లలందరి పేర్లూ కాలేజీలో క్యాంపుకు పోయేవాళ్ళ బోర్డు మీద రాయించు. అప్పుడొస్తాను."

వచ్చిన దారినే సైకిల్ తిప్పాడు. గంటలో ప్రిన్సిపాల్ గారే సుద్దముక్క పట్టుకుని మా పేర్లన్నీ బోర్డు మీద రాశారు. అందరం వెళ్ళాం. ఆ తర్వాత మేం లేకుండా ఏ క్యాంపూ జరగలేదు.

హాస్టల్ సీటు మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.