మత్తు సూది లేకుండా వేసిన కుట్లు

2018 వేసవిలో శామీర్‌పేట వైపు ఒక ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేరాను. మందులు డాక్టరు రాస్తారు. రోగి మళ్ళీ ఎందుకు రాలేదో ఇంటికి వెళ్ళి కనుక్కోవడం మా పని.

అలా షబానా ఇంటికి వెళ్ళాను. పందొమ్మిదేళ్ళ అమ్మాయి, మేడ్చల్‌లో బట్టలు కుట్టే దుకాణంలో పని. తన చేతిని తనే గాయపరుచుకుని మా క్యాజువాలిటీకి వచ్చింది. కుట్లు వేశారు, సైకియాట్రిస్టు చూశారు. తరువాత రాలేదు. నేను వెళ్ళేసరికి, తరువాత చేసుకున్న ఇంకో గాయం చీము పట్టి, జ్వరంతో పడుకుని ఉంది.

దవాఖానకు రాకపోతే చెయ్యి పోతుందన్నాను.

"పోనియ్యి మేడమ్. సూది ఇయ్యకుండ కుట్టిన్రు. నేను గుడ్డను గూడ గంతకన్న పైలంగ పట్టుకుంట."

ఆమె దాదీ, అంటే నాయనమ్మ, అందుకుంది: "'ఎవని కోసం జేసుకున్నవే' అని అందరి ముంగట దాన్ని అడిగిన్రు, నన్ను గూడ అడిగిన్రు. బెంచీల మీద మా గల్లీ వాళ్ళే ఉండిరి."

షబానా మూడు షరతులు పెట్టింది. ముందు మత్తు సూది ఇవ్వాలి. పరదా వేయాలి. ఏదడిగినా దాదీని కాదు, తననే అడగాలి. సరేనని ఆటో ఎక్కించాను.

గాయం చుట్టూ స్పర్శ పోవడానికి ఇచ్చే ఆ సూది మా దగ్గర లేక కాదు. బండి మీంచి పడ్డవాడికి ఇచ్చేవారు. తనే గాయం చేసుకున్నవారికి ఇవ్వకపోవడం అక్కడ అలవాటు. ఎందుకని డ్యూటీ డాక్టరును అడిగాను. నొప్పి తెలిస్తే మళ్ళీ చేయరన్నాడు. మళ్ళీ చేసిన అమ్మాయి ఎదురుగా బల్ల మీదే ఉంది. మారిందల్లా ఈసారి మాకు చూపించకపోవడమే.

"సార్, ముందుగాల సూది," అంది షబానా.

ఆయన నావైపు చూశాడు. ఇవ్వకపోతే సూపరింటెండెంటు గదికి ఇప్పుడే వెళ్తానన్నాను. ఇచ్చాడు. పరదా లేదు, దాదీ తన చున్నీ అడ్డం పట్టుకుని నిలబడింది. చీము తీసి కడుగుతున్నంతసేపూ ఆ అమ్మాయి కదల్లేదు.

తరువాత మా ఓపీకి తనే వచ్చింది. కొన్నాళ్ళు మానేసింది, మళ్ళీ వచ్చింది. "అందరు చెయ్యే జూస్తరు మేడమ్, మొఖం జూడరు," అని ఒకసారి చెప్పింది.

మా తమ్ముడు తన బాధను ఎవరికీ చూపించకుండానే పోయాడు. అందుకే ఆ డాక్టరు మాట మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఇలాంటి రోగికి వైద్యం సైకియాట్రిస్టు గదిలో మొదలవదు, కుట్లు వేసే బల్ల మీదే మొదలవుతుంది. అక్కడ శిక్ష వేస్తే మనిషి గాయం చేసుకోవడం మానదు, దాచుకోవడం నేర్చుకుంటుంది.