గుండ్రం కింద రెండు గీతలు

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి విమానంలో రెండు గంటల చిల్లర. అక్కడి నుంచి మాయాబందర్‌కి బస్సులో పది గంటలు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ రెండో అంకెను బాగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, నా నడుం పెట్టుకుంది.

నేను బయలుదేరింది ఒక బొమ్మ కోసం. విశాఖ సముద్రం ఒడ్డున నాకో చిన్న చిత్రశాల ఉంది. మాయాబందర్ చిత్రకారిణి రత్నం ప్రదర్శన పెట్టాలని రెండేళ్ళుగా తంటాలు పడుతున్నాను. ఆవిడ బొమ్మలు పదిహేను ముందే ఓడలో వచ్చేశాయి. పదహారోది రాలేదు. ఫోన్ చేస్తే, "అది మా ఇంట్లో నేదక్కా, ఒకరింటికి ఎల్లిపోయింది" అంది. ఆవిడ పద్ధతి పూర్తిగా మారింది ఆ బొమ్మతోనే. పైగా నేను దాని ఫొటో చూసి ఒక వ్యాసం కూడా రాసేశాను. బూడిదరంగు పలక, మధ్యలో గుండ్రం, దాని కింద ఏటవాలుగా రెండు గీతలు. గుండ్రం విశ్వమనీ, గీతలు జీవుడూ దేవుడూ అనీ రాశాను. ఎవరూ కాదనలేదు కదా అని సంబరపడ్డాను కూడా.

పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక లాడ్జిలో దిగి, తెల్లవారుజామున నాలుగున్నర బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో మాయాబందర్‌లో పుట్టిన కుర్ర టీచరమ్మ, సెలవుకి ఇంటికి వెళుతోంది. జిర్కాటాంగ్ దగ్గర బస్సులన్నీ వరుస కట్టేదాకా ఆగాలి. నేను సమోసాల కోసం బేరాలాడుతుంటే ఆ అమ్మాయే తొందరపెట్టింది. "జల్దీ దీదీ! కాన్వాయ్ తప్పితే తరవాతి దాని దాకా ఇక్కడే కూర్చోవాలి."

అది ఆదివాసుల అడవి, ఆ దారిలో బస్సు ఆగదు, ఫొటోలు తీయకూడదు. అది దాటాక బస్సుతో సహా పంటు ఎక్కి, ఉప్పునీటి పాయ దాటి బారటాంగ్ చేరాం, మళ్ళీ ఇంకో పంటు. రంగత్‌లో పదకొండున్నరకే భోజనం పెట్టించారు. చేపల పులుసు బాగుంది, అన్నం చల్లారిపోయింది. తింటూ నా పని చెప్పాను.

"రత్నం దీదీయా? మా నాన్న డుంగీ పడవ మీద పేరు ఆవిడే రాసింది" అంది టీచరమ్మ. "తెలుగులో రాసింది. నాకు మాట్లాడ్డమే వొచ్చు, చదవడం రాదు. గుర్తు చూసి మాదే అని పోల్చుకుంటాను."

పేరు ఉండగా గుర్తు ఎందుకని అడగాల్సింది. పులుసు మీద ధ్యాసలో అడగలేదు.

రెండున్నరకి దిగాను. రత్నానికి యాభై దాటాయి. తండ్రి పడవలకి రంగులు వేసేవాడు, ఆ డబ్బాల్లో అడుగున మిగిలిన రంగులతోనే చిన్నప్పుడు మొదలుపెట్టింది. ఇప్పటికీ పడవ రంగే, ప్లైవుడ్ పలకే. ఒక పొర వేసి, ఉప్పునీళ్ళు చల్లి, ఎండబెట్టి, గరుకు కాగితంతో గీకి, మళ్ళీ వేస్తుంది. నన్ను వరండాలో గోడ పొడవునా నడిపిస్తూ పాత పలకలు చూపించింది. మొదటివాటిలో పడవలున్నాయి, కొబ్బరిచెట్లున్నాయి, యాత్రికులు ముచ్చటపడి కొనుక్కునే సూర్యాస్తమయాలున్నాయి. తర్వాత చెట్లు పోయాయి. ఆ తర్వాత పడవలూ పోయి, వాటి మీది గుర్తులు మాత్రం మిగిలాయి. ఈమధ్యవాటిలో గుర్తులు కూడా సగం అరిగిపోయి ఉన్నాయి.

"ఈ గుర్తులన్నీ ఎక్కడివి?" అన్నాను, చేతిలో వ్యాసం ఉన్నదాన్ని.

"ఇల్లులవి. వల తేలడానికి కట్టిన బెండ్లు తెగి సముద్రంలో కొట్టుకుపోతే ఎవరివో తెలవాల కదా? అందుకని ఇంటికో గుర్తు. ఎవుడికి దొరికినా తెచ్చి ఆ ఇంటి గుమ్మంలో పెట్టీడమే. అడగడం, పూఛ్‌తాఛ్ ఏటీ నేదు."

"మరి ఆ బొమ్మ?"

"ఎండకని బయట గోడకి ఆనించినాను. ఏటకెళ్ళి వొస్తున్న భయ్యా ఒకడు సూసినాడు. గుర్తు పోలమ్మత్త ఇంటిది. ఎత్తుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టీసినాడు."

నవ్వొచ్చింది. రత్నం నవ్వలేదు. పోలమ్మ కొడుకు సింహాద్రి ఎనిమిదేళ్ళ క్రితం చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదట. పడవ దొరకలేదు, వల దొరకలేదు, ఒక్క బెండు కూడా ఏ ఒడ్డుకీ రాలేదు. ఆ గుర్తుతో ఆ గుమ్మానికి చేరిన మొదటి వస్తువు ఈ బొమ్మే. నా విశ్వమూ, జీవుడూ, దేవుడూ అన్నీ కలిసి నన్ను చూసి నవ్వినట్టయింది. సిగ్గుపడ్డాను.

"తిరిగిమ్మని నేను అడగలేనక్కా. మీరూ అడగొద్దు" అంది రత్నం, నన్ను అక్కడికి తీసుకెళ్తూ దారిలో.

పోలమ్మ ఇల్లు జెట్టీ దగ్గరే. బొమ్మ గుమ్మం పక్కన, సముద్రం వైపు తిప్పి ఉంది. ఆవిడ చూపు కాస్త మందం. నన్ను కూర్చోమని, తను పలక మీద వేళ్ళతో తడుముతూ చెప్పింది. "ఈ రెండో గీత కొస వొంకర, సూడు. ఆడి బెండ్ల మీదా ఇలాగే వొంకర."

"ఆ బెండ్ల మీదా నేనే ఏసినాను కదత్తా" అంది రత్నం. "నా సెయ్యి అక్కడికొచ్చేసరికి అలాగే తిరుగుద్ది."

మొహం లేకుండా మనిషిని గీయడం అనే మాట నేను చాలాసార్లు రాశాను. అలా గీసిన మనిషిని ఒక తల్లి తడమడం అప్పుడే చూశాను. అడగాలన్న కోరిక అక్కడే చచ్చిపోయింది. ఎందుకొచ్చావని ఆవిడే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను, ప్రదర్శన సంగతి చెప్పాను. "కానీ ఇది ఇక్కడే ఉండాలమ్మా. నేను తీసుకెళ్ళను."

ఆవిడ పలక మీంచి చెయ్యి తీసి నావైపు తిరిగింది. "ఇశాకపట్నంలో నీ సోటు సముద్రానికి దగ్గిరేనా?"

"ఎదురుగానే."

"ఏటకెళ్ళేవోళ్ళు ఆ దారంట పోతారా?"

"రోజూ పొద్దున్నే పోతారు. లోపలికి ఎప్పుడూ రాలేదు" అన్నాను. నేనూ ఎప్పుడూ పిలవలేదన్న సంగతి అప్పుడే తట్టింది.

మర్నాడు ఉదయం ఆరు గంటల బస్సు. నన్ను సాగనంపడానికి రత్నం వచ్చింది, వెనకే పోలమ్మ. ఆవిడ చంకలో పాత నేత చీరలో చుట్టిన పలక. నేను వద్దంటున్నా ఒళ్ళో పెట్టేసింది.

"ఇక్కడున్నోళ్ళందరికీ ఈ గుర్తు తెలుసమ్మా. ఎవుడూ సూడనేదు ఆణ్ణి. అక్కడోళ్ళు సూసినారేమో. బైటికి కనపడేలాగ పెట్టు."

"జాగ్రత్తగా మళ్ళీ తెచ్చిస్తానమ్మా" అన్నాను.

"గుర్తు సూసినోళ్ళు తెస్తారులే" అంది పోలమ్మ. ఆవిడ దేన్ని తెస్తారంటోందో, బొమ్మనో ఇంకేదో, అడిగే ధైర్యం నాకు లేదు. బస్సు కదిలాక రంగత్ దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కనున్న పెద్దాయన ఏమీ అడగకుండా ఒక అరటిపండు చేతిలో పెట్టాడు.

పలకని విమానంలో సామానులో పడెయ్యడానికి మనసొప్పలేదు. టికెట్టు వదులుకుని, నెలకోసారి విశాఖ వెళ్ళే ఓడ కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో నాలుగు రోజులు ఆగాను. బంకు క్లాసులో మూడు రోజుల ప్రయాణం. ఓడ ఊగినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది, అల్లం ముక్క దగ్గర పెట్టుకోండి. రెండో రోజు డెక్కు మీద కూర్చుని పాత వ్యాసం చించేశాను. బొమ్మ కింద పెట్టాల్సిన కాగితం కొత్తగా రాశాను: "సింహాద్రి ఇంటి గుర్తు. గీసింది రత్నం. ఈ గుర్తును సముద్రంలో ఎక్కడైనా చూసినవారు మాయాబందర్ జెట్టీ దగ్గర పోలమ్మకి కబురు చెయ్యండి."

బొమ్మ లోపలి గోడకి కాదు, రోడ్డు మీదికి ఉన్న వరండాలో పెడతాను. వేటకి వెళ్ళేవాళ్ళు ఆగి కాగితం చదవరు. పొద్దున్నే నేనే బయట నిలబడి, ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాను.