రెండు వాట్ల కసి

మా అక్క మోటార్లకు వైండింగ్ చేస్తుంది. తన చేతిపని మీద ఆమెకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. రేడియో క్లబ్బు సెక్రటరీ సరిగ్గా దాని మీదే దెబ్బకొట్టాడు.

ఊళ్ళో సరదాకి వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్న హామ్ రేడియో వాళ్ళ మాటలన్నీ, అక్కవి కూడా, క్లబ్బు రిపీటర్ మీదుగానే వెళ్తాయి. బలహీనంగా అందిన మాటను ఎత్తైన చోటినుంచి అప్పటికప్పుడే తిరిగి పంపే యంత్రం అది. మాటతోపాటు తాళంచెవిలా ఒక టోన్, అంటే సన్నటి మోత, కలిపితేనే పలుకుతుంది. ఆ టోన్ మార్చి, సెక్రటరీ పెద్దమనిషి అందరికీ చెప్పాడు, అక్కకు తప్ప. నాలుగు నెలలు అక్క పిలుస్తూనే ఉంది. తన సెట్టే పాడైందనుకుని ఆరుసార్లు విప్పి బిగించింది. నిజం తెలిసి నిలదీస్తే, "ఫ్యాన్లు చుట్టుకునేవాళ్ళకి ఇవన్నీ ఎందుకమ్మా?" అని నవ్వాడట.

"ఆయన నన్ను పిలవాల్రా. నోరారా పిలవాలి," అంది అక్క.

ఆ కసితోనే సొంత రిపీటర్ మొదలుపెట్టింది. రెండు పాత వాకీటాకీలు: ఒకటి వినడానికి, ఒకటి పలకడానికి. పక్కపక్కనే పెడితే పలికేది వినేదాన్ని చెవిటిదాన్ని చేస్తుంది. అందుకని రాగి గొట్టాలతో ఫిల్టర్లు చేసింది. మర కాస్త తిప్పడం, వినడం, సెక్రటరీని తిట్టడం. వేసవంతా ఇదే పని. చివరికి అంతా వీపున మోసే పెట్టెలో పట్టింది. పవరు రెండు వాట్లే.

సైకిల్ పందెం కొండవెనక లోయలో పెట్టారు. క్లబ్బు రిపీటర్ అక్కడికి అందదు కాబట్టి నిర్వాహకులు అక్కను పిలిచారు. పెట్టె తను మోసింది, బ్యాటరీ నేను. కొండమీద ఏరియల్ ఎత్తగానే లోయలోని ఇరవైమంది వాలంటీర్లూ గలగలా వినిపించారు. ఎవరెప్పుడు మాట్లాడాలో చెప్పే కంట్రోల్ అక్కే.

సెక్రటరీ కూడా లోయలోనే ఉన్నాడు, అజమాయిషీకి. బింకంతో రెండు గంటలు నోరు విప్పలేదు. తర్వాత రాళ్ళమీద జారి కాలు బెణికింది.

"కంట్రోల్, లేవలేకపోతున్నాను. ఎవరినైనా పంపండి."

అక్క పలకలేదు. కంట్రోల్ పలకనిదే ఇంకెవరూ పలకకూడదు. ఆ నియమం పెట్టిందీ ఈయనే. ఇరవైమందీ కిక్కురుమనలేదు.

"కంట్రోల్, వినిపిస్తోందా? నా సెట్టు పాడైందేమో..."

"అక్కా, పలుకు," అన్నాను. బటన్ మీద వేలుంచి నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే నాకే భయమేసింది.

నాలుగోసారికి ఆయన కంట్రోల్ అనడం మానేశాడు. "అమ్మా, ఉన్నావా తల్లీ?"

అప్పుడు నొక్కింది. "ఉన్నాను సార్. జీపు పంపిస్తున్నాను."

కొండ దిగుతూ అడిగాను, "ఇప్పటికైనా కడుపు చల్లబడిందా?"

"లేదురా," అంది. "తొందరపడి పలికాను."