అవ్వ తినని రొట్టె

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా అవ్వకు చక్కెర జబ్బు ముదిరింది. రోజూ పొద్దున సూదిమందు వేయాలన్నాడు నంద్యాల డాక్టరు. ఆయన దగ్గర సూది వేయడం నేర్చుకున్నది మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య. ఆమె కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అవ్వకు ఇష్టం లేని సంబంధం అది.

సూది వేసిన చోట అవ్వ తొడ ఎర్రగా కందేది, దురద పెట్టేది. కొన్నాళ్ళకు గడ్డలు కట్టింది. అవి మామూలేనని, చోటు మారుస్తూ వేయమని డాక్టరు చెప్పాడని చిన్నమ్మ అంటే ఎవరూ నమ్మలేదు. మందు ఎండకు చెడకుండా సీసాను తడి ఇసుక కుండలో పెట్టేది. అదీ మా మేనత్తకు అనుమానమే. నాకూ ఆ కుండ దగ్గరికి పోవాలంటే భయం వేసేది.

చిన్నాయన ఊరుకోడని అవ్వ సూది వేయించుకునేది గానీ, చిన్నమ్మ చేతి తిండి అంటే జంకేది. ఒకరోజు సూది వేశాక చిన్నమ్మ పెట్టిన జొన్నరొట్టెను అవ్వ బర్రె తొట్టిలో పడేయడం చూశాను. కాసేపటికి అవ్వకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. నన్ను ఇంకెవరి పేరుతోనో పిలిచింది.

"సూదిలో ఏం కలిపినావే?" అని మేనత్త చిన్నమ్మ మీదికి పోయింది.

చిన్నమ్మ నా వైపు తిరిగి, "అవ్వ రొట్టె తినిందా?" అని అడిగింది. నేను తొట్టి చూపించాను.

సూది వేశాక తినకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోయి ఇట్లాగే అవుతుందని డాక్టరు ముందే చెప్పాడట. ఆమె గబగబా చక్కెర నీళ్ళు కలిపి తెచ్చింది. అవ్వ పళ్ళు బిగించి మొహం తిప్పుకుంది. చిన్నమ్మ ఆ గ్లాసులోనే తాను రెండు గుక్కలు తాగి, "చూడత్తా, నేనూ తాగినా. ఇప్పుడు నువ్వు తాగు," అంది. అవ్వ ఆమె ముఖంలోకి చూసి చూసి, తాగింది. మెల్లగా వణుకు తగ్గింది, తెలివి కుదుటపడింది.

మరునాటి నుంచి చిన్నమ్మ రొట్టె తెచ్చి పక్కన పెట్టి, ఒక ముక్క తాను తిన్నాకే సూది వేసేది. కొన్నాళ్ళకు అవ్వే విసుక్కుంది: "చాల్లే అమ్మీ, నా రొట్టె నాకుండనీ."

నీకు కోపం రాలేదా అని చిన్నమ్మను అడిగాను.

"రాకేం? బాగా వచ్చింది. అయితే ముందు ఆయమ్మ బతకల్ల గదా," అంది.

తర్వాత నా కాపురంలో నేనూ నిందలు పడ్డాను. నోటిదాకా వచ్చిన మాట ఆపుకొని, ఎదుటి మనిషికి ఇప్పుడేం కావాలో చూడటం అన్నిసార్లూ నాకు చేతకాలేదు. చేతనైన ప్రతిసారీ అది చిన్నమ్మ పెట్టిన భిక్షే అనుకుంటాను.